పెద్దావిడ వెనక్కి చూడదు

చిట్టీ, నా బంగారూ,

ఈ ఉత్తరం బస్సు నడుపుతూ చదవకు. డిపోకి చేరాక, బండి తాళం ఒకచోట, టీ గ్లాసు ఒకచోట పెట్టి, తీరిగ్గా కూర్చుని చదువు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. చేస్తే నేను రెండు మాటలనేలోపు నువ్వు ఇరవై అంటావు, నా మాట నా నోట్లోనే ఉండిపోతుంది. ఉత్తరంలో అయితే కాసేపు నీ నోటికి తాళం.

పెద్దావిడ ఆఖరి కచేరీ వచ్చే శనివారం సాయంత్రం. ఆ తర్వాత ఇక స్టేజీ ఎక్కదు. ఇక్కడ ఏ గోడ చూసినా ఆవిడ బొమ్మే. చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఉంది. ఆ నోట్లో ఉన్నది ఏ పాటో, ఏ మాటో చూసినవాళ్ళందరికీ తెలుసు. "నేనిక్కడే ఉన్నా". ఆ "ఉన్నా" దగ్గర గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి అక్కడే నిలబడిపోతుంది చూడు, దానికోసమే జనం టిక్కెట్లు కొన్నారు. నేనూ దానికోసమే ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆవిడ వెనకాల కోరస్‌లో నిలబడ్డాను.

ఆ పాట మనింట్లోకి ఎలా వచ్చిందో నీకు గుర్తుండదు, మరీ చిన్నదానివి. అమ్మ పోయాక నాన్న ఏడవలేదు. షెడ్డుకి వెళ్ళేవాడు, బస్సుల కింద దూరి పని చేసేవాడు, వచ్చి చేతులు కడుక్కుని మనకి జడలు వేసేవాడు. మన జడలకి కూడా గ్రీజు వాసన వచ్చేది. ఎవరు పలకరించినా "బానే ఉన్నాం" అనేవాడు. ఒకరోజు పొద్దున పనికి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాడు, రెండోది చేతిలో ఉంది. పక్కింటి రేడియోలో ఆవిడ గొంతు. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, ఈ దీపం మాత్రం ఆర్పను, నేనిక్కడే ఉన్నా అని. ఆ "ఉన్నా" వచ్చేసరికి నాన్న ఆ బూటు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను హడలిపోయాను. కాసేపటికి మొహం తుడుచుకుని, "ఎవరోనమ్మా ఈవిడ, మనింట్లో కూర్చుని చూసినట్టు పాడుతోంది" అన్నాడు. ఆ రోజు నుంచే మళ్ళీ మనతో కలిసి భోజనానికి కూర్చున్నాడు.

సోల్ అంటారు ఆ సంగీతాన్ని, ఆత్మ అని అర్థం చెబుతారు. నాకు ఆ పెద్ద మాటలు తెలీవు. నాకు తెలిసిందల్లా, కచేరీ అయ్యాక ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు పాట బావుందని చెప్పరు, వాళ్ళ కథలు చెబుతారు. ఒక నర్సమ్మ వచ్చి "వార్డులో ఒక తల్లికి బిడ్డ దక్కలేదండీ, నేనేం చెప్పాలో తెలీక మీ పాట పెట్టాను" అని ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒక ముసలాయన "ఉద్యోగం పోయినరోజు వంతెన మీద నిలబడ్డాను, కింద ఎవరి కార్లోనో మీరు పాడుతున్నారు, ఇంటికెళ్ళిపోయాను" అన్నాడు, అంతే, వెళ్ళిపోయాడు. పెద్దావిడ అందరి మాటా వింటుంది. విని తల ఊపుతుంది. ఆ తల ఊపడం చూసినప్పుడల్లా నాకు నాన్న బూటు గుర్తొస్తుంది.

నువ్వూ నేనూ నాన్న గాలిపంపు మైకుగా పెట్టుకుని పాడేవాళ్ళం కదా. నువ్వే ముందు. శ్రుతి నీ ఛాయలకొచ్చేది కాదు, సిగ్గూ వచ్చేది కాదు. నేను వెనకాల నిలబడి నీ పాట కింద పడిపోకుండా పట్టుకునేదాన్ని. ఇప్పుడాలోచిస్తే నా ఉద్యోగం అక్కడే మొదలైంది.

కోరస్‌లో చేరిన కొత్తలో పాతావిడ ఒకామె నాకు ఊపిరి సంగతి నేర్పింది. ముందు పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీస్తే వెనకవాళ్ళూ అక్కడే తీయాలి, లేకపోతే మాట ముక్కలైపోతుంది. మాకు పెద్దావిడ మొహం కనపడదు, వీపే కనపడుతుంది. భుజాలు కాస్త లేచాయంటే మేమూ ఊపిరి పీల్చాలి. ఆవిడ వీపు నాకు తెలిసినంతగా మనింటి గోడలు కూడా తెలీవు. ఇప్పుడది ఆలోచించి చేసే పని కాదు, గాఢనిద్రలో లేపి ఆ భుజాలు చూపించినా నా ఛాతీ దానంతటదే నిండుతుంది.

ఇంకో సంగతి. ఎవరైనా శ్రుతి తప్పితే ఆవిడ తిట్టదు, వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తుంది. పొడుగమ్మాయి వైపు ఎన్నిసార్లు చూసిందో, మొన్న మొన్న చేరిన కొత్తపిల్ల వైపు ఎన్నిసార్లు చూసిందో. నా వైపు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. తప్పుకి కూడా నేను ఆవిడ కంటికి ఆననా అనిపించేది. బావుందని కూడా ఎప్పుడూ అనలేదు. కొత్తపిల్ల ఒకరోజు బాగా పాడితే బుగ్గ గిల్లింది. నా బుగ్గ గిల్లే వయసు దాటిపోయిందనుకో, అయినా మనసు ఊరుకుంటుందా?

ఇక అసలు విషయం. పెద్దావిడకి చలికాలంలో గొంతు ఆపరేషన్ అయింది కదా. అప్పట్నుంచి కచేరీ రోజు దాకా ఒక్క మాట మాట్లాడకూడదని డాక్టరు ఆజ్ఞ. పాడటం కూడా రోజుకి కాసేపే. ఏం కావాలన్నా చేత్తో చూపిస్తుంది, మిగతాదంతా మేనేజరే ఆవిడ నోరు. రిహార్సల్లో ఆ "ఉన్నా" దగ్గరికి రాగానే ఆపేసి చెయ్యి ఊపుతుంది, బాజాలవాళ్ళు దాన్ని దాటించి ముందుకెళ్ళిపోతారు. దాచుకుంటోంది అనుకున్నాం అందరం.

నిన్న మేనేజరు నన్ను మెట్ల పక్కకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, "అమ్మగారికి ఆ పైస్థాయి ఇక అందదమ్మా" అన్నాడు. "ఆ ఒక్క చోట మీరు పాడాలి. మీ మీద దీపం ఉండదు, తెర పక్కన నిలబడతారు. ఆవిడ నోరు తెరుస్తుంది, గొంతు మీది. ఒక్క సెకను కూడా అతుకు తెలీకూడదు. మీరైతేనే కుదురుతుందని అమ్మగారే అడగమన్నారు."

అమ్మగారే అడగమన్నారట.

చిట్టీ, ఇన్నేళ్ళ తర్వాత ఆవిడకి మొదటిసారి నాతో పని పడింది. పడితే ఏం పని? నా గొంతు కావాలి, నేను అక్కర్లేదు. చీకట్లో నిలబడి ఆవిడలా పాడి, చప్పట్లు ఆవిడకి వినిపించి, నేను నోరు మూసుకోవాలి. నాకు పాడటం కష్టం కాదు. ఆ చోటు నాకు కంఠతా వచ్చు. స్నానాల గదిలో ఎన్నిసార్లు అందుకున్నానో నీకు తెలుసు. కానీ గోడమీద ఆ బొమ్మ కనపడితే తలవంచుకుని నడుస్తున్నాను.

అయినా సరేనన్నాను. అనకేం చేస్తాను? అంతమంది ముందు ఆవిడ గొంతు విరిగిపోతే నేను చూడగలనా? నాన్నని మళ్ళీ మనిషిని చేసిన గొంతే అది. శనివారం ఆ పని చేసి పెడతాను. ఆదివారం బండెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను. ఇక పాడను, చిట్టీ. స్టేజీ మీదా పాడను, ఇంట్లోనూ పాడను. ఒకసారి గొంతు అలా అప్పగించేశాక అది మళ్ళీ నాదని అనుకోలేను. నీ వెనక గది ఖాళీగా ఉందన్నావు కదా, కిటికీ తుడిపించి ఉంచు.

మరిదిగారికి ఈ సంగతి చెప్పకు, ఆయన జాలిపడితే నేను తట్టుకోలేను.

నీ వెనక నిలబడి పాడిన
అక్క

*

అక్కా,

డిపోలోనే చదివాను. చదివి టీ అక్కడే పారబోశాను. రెండో ట్రిప్పులో ఒక స్టాపు మర్చిపోయి దాటించేశాను, జనం గగ్గోలు పెట్టారు. అదంతా నీ ఖాతాలోకే.

నీకసలు బుద్ధుందా? మేనేజరు వచ్చి ఆవిడ అడగమంది అంటాడు, నువ్వు సరే అంటావు, ఆనక ఊరూ వాడా ఏకమయ్యేలా ఏడుస్తావు. మధ్యలో ఆవిడని అడిగిందెవరు? డాక్టరు ఆవిడని మాట్లాడొద్దన్నాడు గానీ వినొద్దని అనలేదుగా! వెళ్ళి ఎదురుగా కూర్చో. నీ మనసులో ఏముందో నీ నోటితో చెప్పు. ఆవిడ అవునంటుందో కాదంటుందో తల ఊపితే తెలుస్తుంది. ఇన్నేళ్ళు వీపు చూశావు, ఒక్కసారి మొహం చూస్తే ఏం పోయింది?

నేను రోజూ బస్సులో రేడియో పెడతాను. ఆ పాట వస్తే అందరూ ఆవిడ గొంతు వింటారు. నేను దాని అడుగున నీ గొంతు వెతుక్కుంటాను. సన్నగా, నిటారుగా ఉంటుంది. దొరకగానే కండక్టరుతో "అదిగో, అది మా అక్క" అంటాను. అతను ఇప్పటికీ నమ్మడు. "సర్లే తల్లీ, రోడ్డు చూడు" అంటాడు. నమ్మకపోతే పోయాడు, నాకు తెలుసుగా.

గది నీదే. కిటికీ తుడిచాను, కొత్త తెర కూడా కుట్టించాను. కానీ పాట మానేసి వస్తానంటే మాత్రం తలుపు తీయను. నీ గొంతు లేకుండా నువ్వొస్తే నేనేం చేసుకోను? నాతో మాట్లాడటానికి మా ఆయన ఉన్నాడు, చాలు.

నాకు శ్రుతి లేదని రాశావు చూడు, అది వేరే లెక్క. నువ్వొచ్చాక తేల్చుకుందాం.

చిట్టి

*

చిట్టీ, నా తల్లీ,

నీ ఉత్తరం సరిగ్గా శనివారం పొద్దున హోటలు గుమస్తా చేతికిచ్చాడు. నిలబడే చదివాను. చదివి చెప్పులేసుకుని తిన్నగా హాలుకి వెళ్ళాను. నీ మాటకి ఎదురు చెప్పే ఓపిక నాకెప్పుడుంది గనక?

పెద్దావిడ అద్దం ముందు కూర్చుని వేడినీళ్ళ గిన్నె మీద తలవంచి ఆవిరి పడుతోంది. జుట్టు దువ్వే అమ్మాయి నన్ను చూసి బయటికి తప్పుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. ఆవిడ తలెత్తింది. ఆవిరికి మొహమంతా ఎర్రబడి, జుట్టు నుదుటికి అంటుకుని, చంటిపిల్లకి తలంటుపోసినట్టుంది. ఆ మొహం చూసేసరికి నేను వల్లించుకున్నదంతా ఎగిరిపోయింది. "అమ్మా, ఆ చోట నేను సిద్ధంగా ఉన్నాను. మీరేం కంగారు పడకండి" అన్నాను. తిట్టుకో, ఎంత కావాలంటే అంత తిట్టుకో. చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి ఊడిపడింది ఇంకొకటి. ఆవిడ నన్ను అలాగే కాసేపు చూసి, నా చెయ్యి తట్టి, తువ్వాలు మొహం మీద కప్పుకుంది. హమ్మయ్య అనుకుని ఉంటుందిలే అనుకుని వచ్చేశాను.

సాయంత్రం హాలు ఇసకేస్తే రాలనంత నిండింది. పాత పాటలన్నీ కింది స్థాయిలోకి దింపి పాడింది. గొంతులో గరుకు వచ్చింది చిట్టీ, కానీ ఆ గరుకు కూడా మనకేదో చెబుతోంది. పొడుగమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ పాడింది, అందుకే శ్రుతి తప్పి ఒకసారి ఆవిడ చూపు తింది. డ్రమ్స్ వాయించే తాతయ్య మామూలుగా మొహంలో ఏమీ కనపడనివ్వడు, ఆయన కూడా పెదవి కొరుక్కున్నాడు. చివరికి ఆ పాట వచ్చింది. మేనేజరు సైగ చేశాడు. నేను నా చోటు వదిలి తెర పక్క చీకట్లోకి వెళ్ళి మైకు పట్టుకున్నాను. అక్కణ్ణించి కూడా ఆవిడ వీపే కనపడుతోంది.

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి అంది. దీపం ఆర్పను అంది. నేనిక్కడే అంది. అని భుజాలు లేపింది.

ఆ భుజాలు లేచిన క్షణానే నేను పాట ఎత్తుకోవాలి. మేనేజరు వందసార్లు చెప్పాడు, ఆవిడ ఊపిరి తీసేటప్పటికే మీ స్వరం మొదలైపోవాలి, లేకపోతే అతుకు తెలుస్తుంది అని. ఇరవై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ ఊపిరి తీసింది, నేనూ తీశాను. అంతే! ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం. ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. బాజాలు ఆగిపోయాయి. హాల్లో చిన్న సవ్వడి కూడా లేదు. తాతయ్య కర్రలు గాల్లోనే ఉండిపోయాయి. అయ్యో, చంపేశాను, ఆవిణ్ణి అందరి ముందూ నిలువునా ముంచేశాను అనుకున్నాను.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది. చీకట్లోకి, నేరుగా నా వైపు చూసింది. మొదటిసారి.

ఇప్పుడైనా పాడు అని అడుగుతోందనుకున్నాను. గొంతులో స్వరం సిద్ధంగా ఉంది, నోరు తెరిస్తే చాలు. కానీ ఆ కళ్ళు చూశాక నా వల్ల కాలేదు చిట్టీ. ఆవిడ పాట ఆవిడ ఎదురుగా నేనెలా లాక్కోను? కాదని తల అడ్డంగా ఊపాను. నేను పాడను, మీరే పాడండి అన్నట్టు. ఆవిడ ఇంకాసేపు చూసి జనం వైపు తిరిగింది.

తిరిగి "ఉన్నా" అంది. పైకి వెళ్ళలేదు. ఎక్కడ నిలబడిందో అక్కడే, కిందే, మామూలు మనిషి గుమ్మంలో నిలబడి లోపల ఉన్నవాళ్ళకి చెప్పినంత మెల్లిగా. మెలికలు లేవు, సాగదీత లేదు. ఉన్నా. ఇన్నేళ్ళూ ఆ మాట అరిచి చెప్పింది, వెళ్ళినవాళ్ళకి వినపడాలని. ఈసారి మాత్రం ఎవరికీ వినపడాల్సిన పని లేనట్టు చెప్పింది. ముందు వరసలో ఒకాయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న ఉండి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు.

ఆవిడ మళ్ళీ "ఉన్నా" అంది. ఈసారి భుజాలు లేచినప్పుడు నేనూ గొంతు ఎత్తాను. పై స్వరం అందుకున్నాను. ఆవిడలా కాదు, నాలాగే, సన్నగా, నిటారుగా. ఆవిడ కింద, నేను పైన. చీకట్లోనే నిలబడ్డాను గానీ అది నా గొంతని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ తర్వాత చప్పట్లు ఎంతసేపు మోగాయో నన్నడక్కు, నాకేమీ వినపడలేదు.

అసలు కథ గదిలో జరిగింది. తెర దిగాక ఆవిడ నన్ను పిలిపించింది. కచేరీ అయిపోయింది కదా, డాక్టరు గడువు తీరింది, నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పి మాట్లాడింది. ఏమందో తెలుసా?

"నువ్వే అడిగావట కదే, ఆ చోట నేను పాడతానని?"

"నేనా? మీరే అడగమన్నారని చెప్పారు!" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇద్దరం ఒకేసారి మేనేజరు వైపు తిరిగాం. ఆయనకి ఉన్నట్టుండి వైర్లు చుట్టే పని గుర్తొచ్చింది. "ఇలా రా నువ్వు" అంది ఆవిడ. వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఆ చోట మీ గొంతు ఆగిపోతే జనం ఏమంటారోనని నాకు నిద్ర పట్టట్లేదమ్మా. మీరిద్దరూ ఒకరి మాట ఒకరు కాదనరని..." అని నసిగాడు. ఆయనా ఆవిడతోనే ముసలివాడయ్యాడు పాపం. ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలు తీసి ఆయన మీదికి విసిరింది. ఆయన దాన్ని పట్టుకుని చక్కగా మడతపెట్టాడు. నాకు ఎక్కడ లేని నవ్వొచ్చింది.

"నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను, కిందే పాడదామని" అంది ఆవిడ. "ఈలోగా నువ్వలా అన్నావని చెప్పాడు. పొద్దున నువ్వూ వచ్చి సిద్ధంగా ఉన్నానన్నావు. ఓహో, ఇది కూడా నన్ను ముసలిదాన్ని చేసేసింది అనుకున్నా. స్టేజీ మీద అందుకే తిరిగి చూశా, పాడేస్తావేమోనని. నువ్వు పాడితే అక్కడితో నా పని అయిపోయేది. కాదని తలూపావు చూడు, అప్పుడొచ్చింది నాకు ప్రాణం."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది కక్కేశాను. "ఇన్నేళ్ళలో మీరు నా వైపు ఒక్కసారైనా చూడలేదమ్మా" అన్నాను.

ఆవిడ వింతగా చూసింది. "నిన్నెందుకు చూస్తానే? ఎక్కడ సందేహం వస్తే అటు తిరుగుతాను. నీ వైపు తిరగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది? నువ్వున్నావని తెలుసు కాబట్టే అంత పైకి వెళ్ళి అక్కడ నిలబడేదాన్ని." "చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం నాదే తప్పు" అంది. అని నా బుగ్గ గిల్లింది. ఈ వయసులో! నొప్పి కూడా పుట్టింది.

తర్వాత, రేపు ఎక్కడికని అడిగింది. చెల్లెలి దగ్గరికి, ఇక పాడనని అనుకున్నానని చెప్పాను. ఆవిడకి కోపమొచ్చింది. కోపమొస్తే అచ్చం నీలాగే ఉంది.

ఆవిడ చిన్నప్పుడు పాట నేర్చుకున్న ప్రార్థన హాలు ఒకటి ఉంది, ఈ ఊళ్ళోనే, ఆవిడ ఇంటి వీధి చివర. రేకుల కప్పు, చెక్క బెంచీలు. ఆదివారం సాయంత్రాలు ఆ వీధివాళ్ళే చేరి పాడుకుంటారు. అక్కడ ముందు నిలబడి పాడే మనిషి లేరట. "నువ్వు ముందు నిలబడు" అంది. "మరి మీరో?" అన్నాను.

"నాకిప్పుడు కింది స్వరం బాగా కుదిరింది. వెనక వరసలో నిలబడతాను. నీ వీపు చూసి ఊపిరి తీయడం నేర్చుకుంటాను" అంది. అని వేలు చూపించింది. "మధ్యలో తిరిగి చూశావంటే మాత్రం ఊరుకోను."

కాబట్టి చిట్టీ, ఆ గదికి కుట్టించిన తెర అలాగే ఉంచు, సెలవులకి వస్తాను. ముందు నువ్వు ఇక్కడికి రా. వచ్చే ఆదివారం బస్సు ఇంకెవరికైనా అప్పగించు. మరిదిగారినీ తీసుకురా, ఆ నమ్మని కండక్టరునీ తీసుకురా. ముందు బెంచీలో కూర్చో. దయచేసి గొంతు కలపకు.

పాట ఎత్తుకోవడం నాకు భయం లేదు. పై స్వరం అందదేమోనన్న భయం లేదు. ఒక్కటే భయం. ఆవిడ నా వెనకాల నిలబడి ఉంటుంది కదా, వెనక్కి తిరిగి చూడకుండా ఉండగలనా?

ముందు వరసకి వచ్చిన
నీ అక్క